మోకాలి నొప్పికి ఒక ఎక్స్‌రే

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద ఉపన్యాసం అంటే ఫోలిక్ యాసిడ్ గురించో, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించో వింటామనుకుని వచ్చి ఉంటారు. నేను ఎముకల్లో పుట్టే క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసేవాణ్ణి. నా దగ్గరకొచ్చే వాళ్లలో ఎక్కువమంది పదేళ్లు దాటి ఇరవై నిండని పిల్లలు. భీమవరంలో పుట్టిన ఆ మనిషి అమెరికాలో చేసిన పనికీ ఈ పిల్లల కాళ్లకూ మధ్య ఒక దారి ఉంది. అది చూపించాలనే వచ్చాను. అంతకంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అది నాదే.

చదువైపోయిన కొత్తలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. ఒక తండ్రి పద్నాలుగేళ్ల కొడుకును తీసుకొచ్చాడు. కుర్రాడు కబడ్డీ ఆడతాడు. మోకాలి చిప్పకు కాస్త పైన వేలు పెట్టి, ఇక్కడే నొప్పి అన్నాడు. ఆటలో పడ్డాడని తండ్రి చెప్పాడు. నేను కాలు వంచి చూశాను, చాపి చూశాను. నొప్పి మాత్రలు, పైన రాసుకునే మందు ఇచ్చి, రెండు వారాలు ఆడొద్దని పంపించాను. ఎక్స్‌రే గది నా గదికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

వాళ్లు మళ్లీ వచ్చేసరికి రెండున్నర నెలలైంది. ఈలోపల తైలం మర్దన అయింది, ఆకుపసరు కట్టు అయింది. తొడ కిందిభాగం గట్టిగా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. "రాత్రిళ్లు పడుకోడు బాబూ, గోడకి ఆనుకుని కూర్చుంటాడు" అంది తల్లి. ఎన్నాళ్ల నుంచి అంటే, మొదట్నించీ అంది. మొదటిసారి వచ్చినప్పుడు రాత్రి ఎలా ఉంటోందని నేను అడగలేదు. అడిగితే చెప్పి ఉండేవాళ్లు. ఆ రోజు ఎక్స్‌రే తీశాం. ఎముక మీద తెల్లటి గీతలు సూర్యకిరణాల్లా బయటికి విచ్చుకుని ఉన్నాయి. ఛాతీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. కుర్రాడు పద్నాలుగు నెలలు బతికాడు.

మొదటి రోజే ఎక్స్‌రే తీసి ఉంటే బతికేవాడా? చెప్పలేను. ఊపిరితిత్తుల్లోకి అప్పటికే పాకి ఉండొచ్చు. ఈ జబ్బులో కొన్ని గడ్డలు మొదటి నెలలోనే దారి పడతాయి, కొన్ని ఆలస్యంగా కదులుతాయి. కానీ గడ్డ చిన్నగా ఉండగా దొరికితే కాలు నిలబెట్టడం తేలిక. కుటుంబం మూడు చోట్ల అప్పులు చేసి అలిసిపోకముందే వైద్యం మొదలవుతుంది. ఆ అవకాశం నేను వాళ్లకు ఇవ్వలేదు.

ఇప్పుడు జబ్బు సంగతి. పెద్దవాళ్లకు రొమ్ములోనో, ప్రోస్టేట్‌లోనో పుట్టిన క్యాన్సర్ ఎముకలకు పాకడం వేరు. పిల్లల్లో ఎముకలోనే పుట్టేది వేరు. ఇందులో ఎక్కువగా కనిపించేది ఆస్టియోసార్కోమా. ఎముకను కట్టే కణమే దారి తప్పి, లెక్కాపత్రం లేకుండా ఎముకను పోస్తూ పోతుంది. పిల్లవాడు ఒక్కసారిగా పొడుగు సాగే వయసు ఉంది చూడండి, సంక్రాంతికి కుట్టించిన ప్యాంటు దసరాకు చీలమండ పైకి పోయే వయసు, అప్పుడే ఇది ఎక్కువగా వస్తుంది. ఆడపిల్లలు ముందు ఎదుగుతారు కాబట్టి వాళ్లకు ఒకటి రెండేళ్లు ముందే కనిపిస్తుంది. మొత్తం మీద మగపిల్లల్లో కొంచెం ఎక్కువ. ఎముక ఎక్కడ వేగంగా పెరుగుతుందో అక్కడే పుడుతుంది: తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస, భుజం దగ్గర చేతి ఎముక పై కొస. దాదాపు సగం కేసులు మోకాలి చుట్టూనే.

రెండోది ఈవింగ్ సార్కోమా. 1921లో దీన్ని విడిగా గుర్తించి వర్ణించిన అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ ఈవింగ్‌కు తన పద్నాలుగో ఏట ఎముకకు చీము పట్టి రెండేళ్లు మంచం మీదే గడిచింది. ఆయన పేరు పెట్టుకున్న ఈ గడ్డ కూడా చాలాసార్లు చీము పట్టిన ఎముకలాగే నటిస్తుంది. జ్వరం వస్తుంది, వాపు వేడిగా ఉంటుంది, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరుగుతాయి. వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడి, తగ్గకపోతే టీబీ అనుకుని ఆ మందులు మొదలుపెట్టి, చివరికి ముక్క పరీక్షలో బయటపడిన కేసులు నేను చూశాను. ఇది కటి ఎముకల్లో, పక్కటెముకల్లో, తొడ ఎముక నడుమ కూడా వస్తుంది. దీని మూలం ఏమిటో సైన్సుకు బాగానే తెలుసు. 11వ క్రోమోజోములో ముక్క ఒకటి, 22వ క్రోమోజోములో ముక్క ఒకటి ఊడి, ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. రెండు జన్యువులు కలిసిపోయి, ఉండకూడని ఒక ప్రోటీన్ తయారవుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు ఇది, ఆ పిల్లవాడి ఒంట్లోనే ఒక కణంలో జరిగిన పొరపాటు.

ఆస్టియోసార్కోమా కూడా చాలామంది పిల్లల్లో వంశపారంపర్యం కాదు. పుట్టుకతో వచ్చే రకం రెటినోబ్లాస్టోమాతో చిన్నప్పుడు కంటికి వైద్యం పొందిన పిల్లలకు, లి-ఫ్రౌమెనీ అనే జన్యుదోషం ఉన్న కుటుంబాలకు మాత్రం ముప్పు ఎక్కువ. ఇంట్లో కంటి క్యాన్సర్ నుంచి బయటపడిన పిల్లవాడు ఉంటే వాడి మోకాలి నొప్పిని అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రతి తల్లీ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సైకిల్ మీంచి పడ్డాడు, దానివల్లే వచ్చిందా?" కాదమ్మా. దెబ్బ క్యాన్సర్ తీసుకురాదు. దెబ్బ తగిలిన చోటికి మన చూపు పోతుంది, అంతే. ఒక్కోసారి గడ్డ వల్ల బలహీనపడిన ఎముక చిన్న దెబ్బకే విరిగి, జబ్బు అలా బయటపడుతుంది. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ కథ ఇక్కడ చెప్పాలి. 1976 నవంబరులో కారు ప్రమాదంలో కుడి మోకాలికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత నొప్పి మొదలైతే బాస్కెట్‌బాల్ సీజన్ అయ్యేదాకా ఓర్చుకున్నాడు. 1977 మార్చిలో ఆస్టియోసార్కోమా అని తేలింది. పద్దెనిమిదేళ్లకు మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఆ ప్రమాదం వల్లే మోకాలు బలహీనపడి జబ్బు పట్టుకుందని తను నమ్మాడు. డాక్టర్లు మాత్రం సంబంధం లేదన్నారు. 1980 ఏప్రిల్ 12న, క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తానని కృత్రిమ కాలితో కెనడా తూర్పు తీరం నుంచి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే ఊరి దగ్గర ఆగిపోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు చేరింది. 1981 జూన్ 28న, ఇరవై మూడు నిండడానికి నెల ముందు పోయాడు.

టెర్రీ ఫాక్స్ ఓర్చుకున్నట్టే మన పిల్లలూ ఓర్చుకుంటారు. జట్టులో చోటు పోతుందని, స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్ పోతుందని, పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయని చెప్పరు. చెప్పినా ఇంట్లో పెరుగుదల నొప్పులంటారు. పెరుగుదల నొప్పులు ఉన్న మాట నిజమే. అవి ఇంకా చిన్న పిల్లల్లో, సాయంత్రాలు, రెండు కాళ్లలోనూ, ఒకచోట అని లేకుండా వస్తాయి. తెల్లారేసరికి పోతాయి, పిల్లవాడు మళ్లీ గెంతుతాడు. ఒకే కాలు, ఒకే చోటు, రోజురోజుకూ ఎక్కువవడం, నిద్రలోంచి లేపడం, కుంటడం, చేతికి తగిలే గట్టి వాపు ఉంటే అది పెరుగుదల నొప్పి కాదు. బరువు తగ్గలేదు, జ్వరం లేదు, మనిషి చూడ్డానికి పుష్టిగా ఉన్నాడు అని ధైర్యపడకండి. ఆస్టియోసార్కోమా పిల్లలు మొదట్లో బాగానే కనిపిస్తారు.

మనవైపు ఎముకల నొప్పి అంటే కట్టు గుర్తొస్తుంది. పుత్తూరు కట్టు పేరు రాయలసీమ దాటి ఎంత దూరం పోయిందో మీకు తెలుసు. తరాల నుంచి ఆ పని చేస్తున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఎముక విరగలేదు, అయినా వాపు ఉంది అంటే దానికి కట్టు కట్టకండి, మర్దన అసలే వద్దు, ఎక్స్‌రే తీయించుకు రమ్మని పంపండి. అలా పంపే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. వాపు మీద చెయ్యి వేసి చూసి, ఇది నా పని కాదు అంటారట. ఆయన పంపిన ఇద్దరు పిల్లలు ఇవాళ నడుస్తున్నారు.

వైద్య విద్యార్థులకు ఒక మాట. ఎక్స్‌రే రెండు వైపుల నుంచీ తీయించండి. మోకాలి నొప్పి అన్న పిల్లవాడికి తుంటి కూడా చూడండి, అక్కడి జబ్బు నొప్పిని మోకాలికి పంపిస్తుంది. అనుమానం వస్తే ముందు ఎంఆర్‌ఐ, ఆ తర్వాతే ముక్క పరీక్ష. ఆ ముక్క కూడా చివరికి ఆపరేషన్ చేయబోయే సర్జనే తీయాలి, లేదా ఆయన చెప్పిన చోట తీయాలి. సూది వెళ్లిన దారి పొడవునా క్యాన్సర్ కణాలు రాలి ఉండొచ్చు. ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసేయాలి. అడ్డంగా గాటు పెట్టి గడ్డను తెరిచి, కుట్లు వేసి "క్యాన్సర్‌లా ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లండి" అని పంపితే, నిలబడాల్సిన కాలు పోతుంది. బోస్టన్ సర్జన్ హెన్రీ మాంకిన్ 1982లో ఈ విషయం లెక్కలతో చూపించాడు. 1996లో మళ్లీ లెక్క తీస్తే పరిస్థితి మారలేదు. మొదట చూసిన చిన్న ఆసుపత్రిలో ముక్క తీసినప్పుడు జరిగిన పొరపాట్లు, వైద్యం చేసే పెద్ద కేంద్రంలో తీసినప్పటికంటే చాలా రెట్లు ఎక్కువ. మన జిల్లాల్లో ఈ లెక్క ఎవరైనా తీయాలి. మీలో ఒకరు తీస్తే బాగుంటుంది.

ఇక సుబ్బారావుగారి దగ్గరికి వస్తాను. 1970 దాకా ఆస్టియోసార్కోమాకు ఉన్న వైద్యం కాలు తీసేయడం ఒక్కటే. ఎంత పైకి తీసినా ఐదుగురిలో నలుగురు ఒకటి రెండేళ్లలో ఊపిరితిత్తుల్లో తిరగబెట్టి పోయేవాళ్లు. అంటే గడ్డ కాల్లో కనబడే నాటికే, ఏ ఎక్స్‌రేకీ అందని కణాలు ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టి ఉండేవి. కత్తి అక్కడికి చేరదు. రక్తంలో పోయే మందు కావాలి.

ఆ మందు కథ సుబ్బారావుగారితోనే మొదలవుతుంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయన బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. స్ప్రూ లాంటి జబ్బుల్లో వచ్చే రక్తహీనతను తగ్గించే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం అక్కడ తయారుచేసింది. దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ తయారుచేసింది. కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ కావాలి. ఫోలేట్ వేషం వేసుకున్న నకిలీ కణంలోకి దూరితే ఆ కణం చీలలేదు. అలాంటి అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు యాభై మూడేళ్లకే కన్నుమూశారు. అమైనోప్టెరిన్‌కు తమ్ముడి వరసైన మందే మెథోట్రెక్సేట్.

పాతికేళ్ల తర్వాత, అదే బోస్టన్‌లో, నార్మన్ జాఫీ అనే పిల్లల వైద్యుడు ఆ మెథోట్రెక్సేట్‌ను ఎముక క్యాన్సర్ మీదికి తీసుకొచ్చాడు. ఎంత మోతాదు? కీళ్లవాతానికి వారానికి 15 మిల్లీగ్రాములు వాడతాం. ఇక్కడ ఒక పిల్లవాడికి ఒక్కపూటలో 15, 18 గ్రాములు. వెయ్యి రెట్లు. అలాగే వదిలేస్తే మనిషి మిగలడు. అందుకని దాదాపు ఒక రోజు గడిచాక ల్యూకోవొరిన్ అనే విరుగుడు మొదలుపెడతారు. ఆ విరుగుడు ఏమిటో తెలుసా? అదీ ఫోలేట్ కుటుంబంలోదే. విషమూ విరుగుడూ ఒకే ఇంటి బిడ్డలు, రెండింటి పుట్టింటి గడప మన సుబ్బారావుగారిది. ఈ చికిత్స గురించి చదివినప్పుడల్లా నాకు స్ప్రూతో పోయిన ఆ సోదరులిద్దరూ గుర్తొస్తారు.

అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ కొడుక్కి 1973లో, పన్నెండేళ్ల వయసులో, ఎముక క్యాన్సర్‌తోనే కాలు తీసేశారు. బోస్టన్‌లో మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఆ కుర్రాడు బతికి, పెద్దవాడై, రాజకీయాల్లోకి వచ్చాడు. అదే వార్డులో మందు ఖర్చు భరించలేక ఇళ్లు అమ్ముకునే తల్లిదండ్రులను చూశానని, సగం మోతాదులే ఇప్పిస్తే మా బిడ్డకు ఎంత ఆశ ఉంటుందని వాళ్లు డాక్టర్లను అడిగేవాళ్లని సెనేటర్ తర్వాత రాసుకున్నారు. అందరికీ ఆరోగ్య బీమా కావాలని ఆయన జీవితాంతం పోరాడటం వెనక ఆ వార్డు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చేదాకా మా ఓపీ వరండాలోనూ అదే ప్రశ్న వినిపించేది. బోస్టన్ అయినా భీమవరం అయినా తండ్రి అడిగేది ఒకటే.

మెథోట్రెక్సేట్‌కు డోక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ తోడయ్యాయి. డోక్సోరూబిసిన్‌ను మా పిల్లలు ఎర్రమందు అంటారు. 1986లో మైకేల్ లింక్ బృందం ప్రకటించిన పరిశోధన అనుమానాలు తీర్చేసింది. ఆపరేషన్ మాత్రమే చేసినవాళ్లలో రెండేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టనివాళ్లు 17 శాతం. కీమో కూడా ఇస్తే 66 శాతం. మెథోట్రెక్సేట్‌ను అంత మోతాదులో ఇవ్వాలంటే రక్తంలో దాని మట్టాన్ని రోజూ కొలవాలి. అందుకే మన దేశంలో చాలా కేంద్రాలు దాని బదులు ఐఫాస్ఫమైడ్ కలిపి ఇస్తున్నాయి.

ఆపరేషన్‌కు ముందే కీమో ఇవ్వడం ఎలా మొదలైందో వింటే ఆశ్చర్యపోతారు. న్యూయార్క్‌లో కాలు తీయకుండా జబ్బు ఎముకను మాత్రమే తీసి లోహపు ఎముక వేయాలనుకున్నారు. ఆ లోహపు ఎముకను కొలత తీసుకుని చేయడానికి నెలలు పట్టేది. అన్నాళ్లు పిల్లవాణ్ణి ఊరికే కూర్చోబెట్టలేక జెరాల్డ్ రోజెన్ కీమో మొదలుపెట్టాడు. తర్వాత తీసిన ఎముకను సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎన్ని కణాలు చచ్చాయో తెలిసింది. 90 శాతం పైన చచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికారు. ఇవాళ ప్రపంచమంతా ఆ వరసే: సుమారు పది వారాలు కీమో, ఆపరేషన్, మళ్లీ కీమో. మొత్తం ఎనిమిది నెలలు పడుతుంది. ఈవింగ్ అయితే ఇంకొంచెం ఎక్కువ. దానికి రేడియేషన్, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అదీ బాగా పనిచేస్తుంది. ఆస్టియోసార్కోమా కరెంటుకు అంతగా లొంగదు.

పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇప్పుడు కాలు నిలుస్తుంది. మనదేశంలో తయారయ్యే లోహపు ఎముకలు విదేశీ వాటి ధరలో కొంత భాగానికే వస్తున్నాయి. ఒక్కోసారి పిల్లవాడి ఎముకనే బయటికి తీసి, రేడియేషన్‌తో కణాలను చంపి, తిరిగి అదే చోట అమరుస్తాం. ఇంకా ఎదగాల్సిన చిన్నవాళ్లకు రొటేషన్‌ప్లాస్టీ అనే పద్ధతి ఉంది. మోకాలి భాగాన్ని తీసేసి, కింది కాలిని వెనక్కి తిప్పి తొడకు అతికిస్తాం. చీలమండ మోకాలిగా పనిచేస్తుంది. చూడ్డానికి వింతగా ఉంటుందని తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఆ కాలితో క్రికెట్ ఆడే కుర్రాణ్ణి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తారు. కాలు తీయక తప్పనప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు, 1985లో వచ్చిన 'మయూరి' సినిమా తలుచుకుంటారు. అందులో నటించిన నర్తకి సుధాచంద్రన్‌ది క్యాన్సర్ కాదు, రోడ్డు ప్రమాదం. అయినా జైపూర్ కాలితో ఆడిన ఆ అమ్మాయి మా వార్డులో చాలామందికి ధైర్యం చెప్పింది.

మందులూ కత్తీ కాకుండా మిగిలిన విషయమే నాకు ఎప్పుడూ కష్టం. తండ్రి, మేనమామ నన్ను వరండాలోకి తీసుకెళ్తారు. "డాక్టరుగారూ, వాడికి మాత్రం చెప్పకండి." పదహారేళ్ల పిల్లవాడికి జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, వార్డు గోడ మీద క్యాన్సర్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ తెలియనట్టు అమ్మ ముందు నటిస్తాడు, అమ్మ వాడి ముందు నటిస్తుంది. రాత్రి ఇద్దరూ చెరోపక్క ఏడుస్తారు. నేను ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ఎదుటే పిల్లవాడికి పేరు పెట్టి చెబుతాను. చెప్పిన తర్వాత వాడు అడిగే మొదటి ప్రశ్న చావు గురించి కాదు, చాలాసార్లు పరీక్షల గురించే.

ఈ వయసువాళ్లకు ముందుగా చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సిస్‌ప్లాటిన్ చెవి వినికిడిని తగ్గించవచ్చు, ఎర్రమందు గుండెను బలహీనం చేయవచ్చు. కొన్ని మందులు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. వయసొచ్చిన మగపిల్లవాడి వీర్యాన్ని కీమోకు ముందే దాచిపెట్టే వీలుంది. తండ్రి ముందు ఆ మాట ఎత్తడానికి డాక్టర్లం మనమే సిగ్గుపడి ఊరుకుంటున్నాం. ఆడపిల్ల విషయంలో, పెళ్లి కాదేమోనని, మచ్చ పడుతుందేమోనని వైద్యం మధ్యలో మానేయించి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. రెండు కోర్సులకు గడ్డ తగ్గింది, నొప్పి పోయింది, ఇక చాలనుకుంటారు. మధ్యలో ఆపిన కీమో తర్వాత తిరిగొచ్చే గడ్డకు మా దగ్గర మంచి మందు మిగలదు.

ఇవాళ జబ్బు కాలికే పరిమితమై ఉండగా వైద్యం పూర్తి చేసుకున్న పిల్లల్లో ఇంచుమించు మూడింట రెండువంతులు ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. మొదటి రోజే ఊపిరితిత్తుల్లో కనిపించినవాళ్లలో 20, 30 శాతమే. నలభై ఏళ్లుగా ఈ అంకెలు పెద్దగా కదలలేదని మీకు దాచకుండా చెప్పాలి. 2005 నుంచి 2011 దాకా 17 దేశాలు కలిసి 2,260 మందిని చేర్చుకుని జరిపిన యూరామోస్ పరిశోధనలో, ఆపరేషన్ నాటికి కణాలు సరిగా చావని పిల్లలకు ఇంకో రెండు మందులు కలిపి చూశారు. బాధ పెరిగింది తప్ప ఆయుష్షు పెరగలేదు. కొత్త మందు కావాలి. సుబ్బారావుగారి తర్వాత ఆ పని ఇంకా మిగిలే ఉంది, ఈ హాల్లో కూర్చున్న బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని తమ పని అనుకోవాలి.

ఆ మందు వచ్చేలోపు మనం చేయగలిగింది, నేను అడిగితే వచ్చిన హైస్కూలు పీఈటీ మాస్టర్ల చేతుల్లో ఉంది. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను. పిల్లవాడు కుంటుతున్నాడని డాక్టరుకంటే ముందు, ఒక్కోసారి తల్లికంటే ముందు చూసేది మీరు. రేపు గ్రౌండులో ఒక పిల్లో పిల్లవాడో ఒకే కాలు పట్టుకుని పక్కన కూర్చుంటే, రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. రెండు వారాలైనా తగ్గకపోతే ఇంటికి ఫోన్ చేసి, ఎక్స్‌రే తీయించమని చెప్పండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో అది తీస్తారు. ఎక్కడికి పంపాలో తెలియకపోతే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉంది, విశాఖలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఆ ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. ఆ మిగిలిన ఒక్క పిల్లవాడి కోసం తీయించండి.